టీకా ట్రయల్‌లో ఆరోగ్యవంతులు: రిస్కు ఎంత, రక్షణ ఎంత

వానాకాలం వచ్చిందంటే వరంగల్‌ ఎంజీఎంలో, ములుగు, భూపాలపల్లి ఆసుపత్రుల్లో జ్వరాల వార్డులు నిండిపోతాయి. ప్లేట్‌లెట్లు ఎంతకు పడ్డాయన్నదే ఇంటింటా మాట. ఆ డెంగీకి మన దేశంలో తయారైన ఒకే డోసు టీకా మీద మూడో దశ ట్రయల్‌ 2024 ఆగస్టు 14న హర్యానాలోని రోహ్‌తక్‌లో మొదలైంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్‌), పనాసియా బయోటెక్‌ కంపెనీ కలిసి చేస్తున్న ఈ ట్రయల్‌ ప్రణాళిక ప్రకారం 19 కేంద్రాల్లో 10,335 మంది ఆరోగ్యవంతులైన పెద్దలను చేర్చుకుని, రెండేళ్లు గమనించాలి. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మన దగ్గర రెండు ప్రశ్నలు లేస్తాయి. ‘రోగమే లేనోనికి సూదెందుకు?’ అన్నది ఒకటి. ‘జమ్మికుంటల అయినట్టే అయితదా?’ అన్నది రెండోది. రెండూ న్యాయమైన ప్రశ్నలే. కాకపోతే రెండో ప్రశ్నలో వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయకుండా మొదటిదానికి జవాబు చెప్పినా ఎవరూ నమ్మరు.

మూడు సంగతులు, ఒకటే పేరు

ఉత్తర తెలంగాణలో ‘ట్రయల్స్‌’ అనగానే చాలామందికి గుర్తొచ్చేది బయో ఈక్వివలెన్స్‌ పరీక్ష, వాడుకలో బీఈ స్టడీ. ఒక మందుకు పేటెంటు ముగిశాక మరో కంపెనీ అదే మందును తయారు చేస్తే, రెండూ రక్తంలోకి ఒకే తీరుగా చేరుతున్నాయా అని చూస్తారు. ఇందుకోసం కొద్దిమంది ఆరోగ్యవంతులను క్లినిక్‌లో ఒకటి రెండు రాత్రులు ఉంచి, మాత్ర మింగించి, చేతికి క్యాన్యులా పెట్టి పదిహేను ఇరవై సార్లు రక్తం తీస్తారు. కొన్ని రోజులు ఆగి రెండో కంపెనీ మాత్రతో ఇదంతా మళ్లీ చేస్తారు. వాలంటీరు ఒంటికి దీంతో ఒరిగేదేమీ లేదు కాబట్టి పైసలిస్తారు. పైసలున్న చోటికి ఏజెంట్లు వస్తారు. 2017లో కరీంనగర్‌ జిల్లా జమ్మికుంట ప్రాంతం నుంచి బయటికొచ్చిన, పైసల కోసం చేరి ఇబ్బందిపడ్డవాళ్ల వార్తలు ఈ తరహా స్టడీల గురించినవే. ఒక స్టడీకీ మరో స్టడీకీ మధ్య సాధారణంగా మూడు నెలల ఎడం అడుగుతారు. అవసరం కొద్దీ ఆ సంగతి దాచి ఇంకో ల్యాబుకు వెళ్లినవాళ్లకు రక్తం తగ్గుతుంది, ఒంట్లో రెండు మందులు ఒకదానితో ఒకటి తగులుకుంటాయి. అసలు ప్రమాదం అక్కడుంది.

రెండో సంగతి మనకు పక్కనే, ఖమ్మంలో జరిగింది. 2009లో పాథ్‌ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్‌, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేశాయి. ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది. వారిలో హాస్టళ్లలో చదివే గిరిజన పిల్లలు చాలామంది ఉన్నారు. ఇక్కడా, గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. పాముకాటు, నీట మునగడం, పురుగుల మందు, మలేరియా వంటివి మరణ కారణాలుగా నమోదయ్యాయి. టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణ కమిటీకి కనిపించలేదు. కానీ సమ్మతి విషయంలో తప్పు స్పష్టంగా తేలింది. పరిశీలించిన 9,543 ఫారాల్లో 2,763 మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. అప్పటికే ఆమోదం పొందిన టీకా కాబట్టి దీన్ని ట్రయల్‌ అనకుండా ‘డెమాన్‌స్ట్రేషన్‌ ప్రాజెక్టు’ అన్నారు. ట్రయల్‌కు వర్తించే కట్టుబాట్లు వదులయ్యింది ఆ పేరు చాటునే. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

మూడోది, ఈ వ్యాసం విషయం, అసలైన టీకా ట్రయల్‌. ఇంకా ఆమోదం రాని టీకాను, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతితో, వేసుకోని వాళ్లతో పోల్చి చూసే పరీక్ష. ఈ ట్రయల్స్‌నీ, బీఈ స్టడీలనూ ఇప్పుడు నడిపించేవి 2019 మార్చిలో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్‌ ట్రయల్స్‌ నిబంధనలు. జమ్మికుంట వార్తలు, ఖమ్మం ఉదంతం రెండూ వాటికి ముందువి. ఇక భయపడాల్సిందేమీ లేదని దీనర్థం కాదు. ఏ భయం ఎక్కడిదో తెలిస్తే ఏ కాగితం చూడాలో తెలుస్తుంది.

రోగం లేనివాళ్ల మీదే ఎందుకు

జ్వరం మందు పనిచేస్తుందా అని జ్వరం ఉన్నవాడి మీద చూడొచ్చు. టీకా పని రోగాన్ని రాకుండా ఆపడం. రాకుండా ఆగిందో లేదో తెలియాలంటే రోగం ఇంకా రానివాళ్లు కావాలి, వాళ్లు రోగం తిరుగుతున్న చోటే ఉండాలి. పైగా ఆమోదం వచ్చాక ఈ టీకా కోట్లమంది ఆరోగ్యవంతులకు వేస్తారు. కాబట్టి భద్రత కూడా ఆరోగ్యవంతుల్లోనే తేలాలి.

ఇది మెట్లుమెట్లుగా జరుగుతుంది. మొదటి దశలో కొన్ని పదుల నుంచి కొన్ని వందల మందిలో ప్రధానంగా భద్రత చూస్తారు. రెండో దశలో వందల మందిలో ఏ డోసుకు ఎంత రోగనిరోధక స్పందన వస్తోందో చూస్తారు. మూడో దశలో వేలమంది. కోవాగ్జిన్‌ను తీసుకుంటే 2020 జూలైలో మొదలైన తొలి దశలో 375 మంది, రెండో దశలో 380 మంది, మూడో దశలో 25,800 మంది చేరారు. తొలి దశ నడిచిన కేంద్రాల్లో హైదరాబాద్‌ నిమ్స్‌ ఒకటి.

రిస్కు అన్ని దశల్లో ఒకేలా ఉండదు. మనుషుల మీద తొలిసారి వాడేటప్పుడు తెలియనిది ఎక్కువ. 2006లో లండన్‌లో టీజీఎన్‌1412 అనే మందును (అది టీకా కాదు) ఆరుగురు ఆరోగ్యవంతులకు కొద్ది నిమిషాల తేడాతో వరసగా ఎక్కించారు. గంటన్నరలోపే ఆరుగురికీ తీవ్రంగా వికటించింది, అవయవాలు దెబ్బతిని ఐసీయూ పాలయ్యారు. మొదటి మనిషికి ఇచ్చి ఒకరోజు ఆగి ఉంటే మిగతా అయిదుగురికి ఆ గతి పట్టేది కాదు. అందుకే ఇప్పుడు తొలి దశలో ఒకరిద్దరికి ఇచ్చి, గమనించి, ఆ తర్వాతే మిగతావాళ్లకు ఇస్తారు. మూడో దశకు వచ్చేసరికి అంతకుముందు వందలమంది వేసుకుని ఉంటారు. అందుకే ‘ట్రయల్‌లో చేరాలా వద్దా’ అన్నదానికంటే ‘ఇది ఎన్నో దశ’ అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న.

77.8 శాతం ఎలా వచ్చింది

మూడో దశలో చేరినవాళ్లను కంప్యూటరు లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేస్తుంది. ఒక గుంపుకు టీకా, రెండోదానికి ప్లాసిబో, అంటే టీకా సరుకు లేని సూది. కొన్ని ట్రయల్స్‌లో ప్లాసిబో ఉప్పునీరు, కొన్నిట్లో వేరే రోగానికి ఇప్పటికే వాడుతున్న టీకా. ఎవరికి ఏది పడిందో వేసుకున్నవాళ్లకూ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. తెలిస్తే ఏమవుతుంది? టీకా పడిందనుకున్నవాళ్లు జాగ్రత్తలు మానేస్తారు, డాక్టరు ప్రతి ఒళ్లునొప్పినీ టీకా ఖాతాలో రాస్తాడు. లెక్క తప్పుతుంది.

కోవాగ్జిన్‌ మూడో దశలో లక్షణాలతో కూడిన కోవిడ్‌ 130 మందికి వచ్చింది. టీకా గుంపులో 24 మంది, ప్లాసిబో గుంపులో 106 మంది. రెండు గుంపులూ దాదాపు సమానం. టీకా లేకుంటే ఆ గుంపులో కూడా 106 మందికి వచ్చేదనుకుంటే, 24 మందికే వచ్చిందంటే 82 మందికి ఆగినట్టు. 82ను 106తో భాగిస్తే 77 శాతం పైచిలుకు. గుంపుల పరిమాణంలోని చిన్న తేడాను సరిచేశాక ప్రకటించిన సంఖ్య 77.8. తీవ్రమైన కోవిడ్‌ ప్లాసిబో గుంపులో 15 మందికి, టీకా గుంపులో ఒక్కరికి వచ్చింది.

25,800 మందిని చేర్చుకుంటే తీర్పు చెప్పింది ఆ 130 మంది. రోగం తక్కువగా తిరిగే కాలంలో ట్రయల్‌ పెడితే అన్ని కేసులు రావడానికి ఏళ్లు పడుతుంది. డెంగీ ట్రయల్‌ రెండు వానాకాలాలను దాటేలా ఉండటానికి ఒక కారణం ఇదే.

రెండో కారణం ఇంకా బరువైనది. డెంగీలో నాలుగు రకాల వైరస్‌లున్నాయి. ఒక రకం వచ్చిపోయాక వేరే రకం సోకితే రెండోసారి రోగం మరింత ముదరొచ్చు. సనోఫీ కంపెనీ డెంగ్వాక్సియా టీకా ఇక్కడే తడబడింది. అంతకుముందు డెంగీ సోకినవాళ్లను అది కాపాడింది. అసలెప్పుడూ సోకనివాళ్లకు మాత్రం, తర్వాత డెంగీ వస్తే, తీవ్రమయ్యే ముప్పును పెంచింది. కంపెనీ ఈ సంగతి ప్రకటించింది 2017 నవంబర్‌లో. అప్పటికే ఫిలిప్పీన్స్‌లో 8 లక్షలకు పైగా పిల్లలకు ఆ టీకా వేసేశారు. ఇప్పుడు మన దేశంలో పరీక్షిస్తున్న టీకా వేరే పద్ధతిది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ బలహీనపరిచిన నాలుగు వైరస్‌ రకాలతో చేసింది. అవే రకాలతో బ్రెజిల్‌లో బుటాంటాన్‌ సంస్థ చేసిన టీకా రెండేళ్ల గమనింపులో 79.6 శాతం పనిచేసింది. అయినా ఇక్కడ తిరిగే వైరస్‌ల మధ్య, ఇక్కడి జనంలో చూడాల్సిందే.

వేలమంది మీద చూసినా కనపడనివి

గణాంకాల్లో ఒక తేలిక సూత్రం ఉంది. ఒక దుష్ఫలితం ఎంతమందిలోనూ కనిపించకపోతే, 3ను ఆ మందితో భాగించండి. అసలు ముప్పు దాదాపుగా అంతకు మించి ఉండదని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. 300 మందిలో కనిపించలేదంటే వందలో ఒకరికి మించి ఉండదు. 12,900 మందిలో కనిపించలేదంటే 4,300 మందిలో ఒకరికి మించి ఉండదు. లక్షలో ఒకరికి వచ్చే నరాల జబ్బును ఏ మూడో దశ ట్రయలూ పట్టలేదు. అది టీకా జనంలోకి వచ్చి, లక్షలమంది వేసుకున్నాకే బయటపడుతుంది. కాబట్టి ‘సురక్షితం’ అన్న మాటకు ఎప్పుడూ ఒక హద్దు ఉంటుంది. ‘ఎంతమందిలో చూశారు?’ అని అడిగితే ఆ హద్దు ఎక్కడుందో తెలుస్తుంది.

సెంటర్‌లో జరిగేది

మొదట సూది ఉండదు. ముందు వివరాల పత్రం, తర్వాత సమ్మతి పత్రం. రెండూ మనిషికి అర్థమయ్యే భాషలో, ఇక్కడైతే తెలుగులోనో ఉర్దూలోనో ఉండాలి. చదవలేనివాళ్లకు సంస్థతో సంబంధం లేని సాక్షి సమక్షంలో చదివి వినిపించి, వేలిముద్ర తీసుకుని, సాక్షితో సంతకం చేయించాలి. సమ్మతి పత్రంలో చదువు, వృత్తి, ఏడాది ఆదాయం, నామినీ పేరు అడిగే గడులుంటాయి. వీటిని చూసి చాలామంది ‘ఇన్సూరెన్సు పాలసీ కట్టిస్తున్నారా’ అని అనుమానపడతారు. జరగరానిది జరిగితే పరిహారం ఎవరికి చేరాలో తెలియడానికే ఆ నామినీ గడి. దాన్ని ఖాళీగా వదిలేస్తే కష్టపడేది ఇంటివాళ్లు. సంతకాలైన పత్రం నకలు వాలంటీరుకు ఇచ్చి తీరాలి. అది ఇవ్వని సెంటర్‌ మొదటి మెట్టులోనే నిబంధన తప్పినట్టు.

తర్వాత స్క్రీనింగ్‌. బీపీ, బరువు, రక్తం, మూత్రం, ఆడవాళ్లకు గర్భ పరీక్ష. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా, ఇంకో టీకా వేసుకున్నా, మరో ట్రయల్‌లో ఉన్నా పక్కన పెడతారు. రోగనిరోధకతను తగ్గించే స్టెరాయిడ్లు వాడుతుంటే కూడా అంతే. కీళ్లనొప్పులకు ఊర్లో ఆర్‌ఎంపీ ఇచ్చే మాత్రల్లో స్టెరాయిడ్‌ ఉందో లేదో వాడేవాళ్లకు తెలియకపోవచ్చు. బలహీనపరిచిన సజీవ వైరస్‌తో చేసిన టీకా అయితే ఈ ఒక్క సంగతి పెద్ద తేడా తెస్తుంది. మాత్రల చీటీనో, ఖాళీ షీటునో డాక్టరుకు చూపిస్తే అక్కడే తేలిపోతుంది.

సూది వేశాక సాధారణంగా అరగంట కూర్చోబెడతారు. తీవ్రమైన అలర్జీ వచ్చేదైతే ఎక్కువగా ఆ వ్యవధిలోనే వస్తుంది. విరుగుడు ఆడ్రినలిన్‌ను, పెద్దవాళ్లకైతే 0.5 మిల్లీగ్రాములు, తొడ కండకు ఇస్తారు. అది పక్కనే సిద్ధంగా ఉండాలి. ఇంటికి పంపేటప్పుడు థర్మామీటరు, చిన్న స్కేలు, డైరీ కార్డు ఇస్తారు. ఏడు రోజుల పాటు రోజూ జ్వరం చూసుకుని రాయాలి, సూది పడ్డచోట ఎరుపు ఎన్ని సెంటీమీటర్లుందో కొలవాలి. వీటికి లెక్కలున్నాయి. సాధారణంగా వాడే కొలమానంలో జ్వరం 100.4 నుంచి 101.1 డిగ్రీల ఫారెన్‌హీట్‌ వరకు స్వల్పం, 102 వరకు ఓ మోస్తరు, అది దాటితే తీవ్రం, 104 దాటితే ప్రాణాపాయ స్థాయి. ఎరుపు 5 సెంటీమీటర్ల దాకా స్వల్పం, 10 దాటితే తీవ్రం.

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఈ డైరీలోనే. జ్వరం రాగానే పారాసిటమాల్‌ వేసుకుని, తగ్గాక కొలిచి 98.6 అని రాస్తారు. లేదా ఏడు రోజులవీ చివరి రోజు ఒకే పెన్నుతో నింపుతారు. వాలంటీరుకు అది చిన్న విషయంగా తోచవచ్చు. ఆ అంకెలే రేపు టీకా పెట్టెలోని కాగితం మీద ‘నూటికి ఇంతమందికి జ్వరం’ అని అచ్చవుతాయి.

‘తీవ్ర దుష్ఫలితం’ అంటే టీకా వల్ల అని కాదు

మరణం, ప్రాణాపాయం, ఆసుపత్రిలో చేరడం, శాశ్వత వైకల్యం, పుట్టిన బిడ్డలో లోపం. ట్రయల్‌ కాలంలో వీటిలో ఏది జరిగినా దాన్ని తీవ్ర దుష్ఫలితంగా నమోదు చేస్తారు. కారణంతో పనిలేదు. సూది వేసుకున్న నెలకు కాజీపేట చౌరస్తాలో బండి మీద నుంచి పడి ఎంజీఎంలో చేరినా అది రిపోర్టు కావాల్సిందే. ట్రయల్‌ డాక్టరు 24 గంటల్లో నియంత్రణ సంస్థకు, ట్రయల్‌ జరిపించే స్పాన్సర్‌కు, వాలంటీర్ల రక్షణను చూసే ఎథిక్స్‌ కమిటీకి తెలపాలి. 14 రోజుల్లో కారణాల విశ్లేషణ పంపాలి. ఎథిక్స్‌ కమిటీ 30 రోజుల్లో తన అభిప్రాయం చెప్పాలి. సంబంధం ఉందా లేదా, పరిహారం ఎంత అన్నది చివరికి 90 రోజుల్లో కేంద్ర నియంత్రణ సంస్థ తేలుస్తుంది.

ఈ విడదీత తెలియక రెండువైపులా అపోహలు పుడతాయి. ట్రయల్‌లో ఇంతమంది చనిపోయారన్న వార్త చూసి టీకాయే చంపిందనుకోవడం ఒకటి. ‘సంబంధం లేదు’ అన్న ప్రకటన రాగానే మూసిపెట్టారనుకోవడం రెండోది. ఇక్కడ ఒక నిజమైన అభ్యంతరం ఉంది. మొదటి విశ్లేషణ రాసే డాక్టరుకు ట్రయల్‌ ఖర్చు ఇచ్చేది స్పాన్సరే. అందుకే ఆ ఒక్కడి మాటతో ముగించకుండా పైన రెండు మెట్లు పెట్టారు. అవి చాలవని, విచారణ పత్రాలు కుటుంబానికి కూడా ఇవ్వాలని రోగుల హక్కుల సంఘాలు అడుగుతున్నాయి. ప్రతి కేసు పత్రాలు బయటపెడితే మిగతా వాలంటీర్ల గోప్యతా, ట్రయల్‌ గుట్టూ దెబ్బతింటాయని పరిశోధకులంటారు. సొంత మనిషి కేసు పత్రాలు కుటుంబానికి ఇవ్వడంలో మాత్రం ఈ రెండో వాదనకు పట్టు కనిపించదు.

కారణం తేలేవరకు చికిత్స ఆగకూడదన్నది నిబంధనల్లో వాలంటీరుకు అన్నిటికంటే పనికొచ్చే మాట. అవసరం ఉన్నంతకాలం, లేదా ట్రయల్‌తో సంబంధం లేదని రుజువయ్యేవరకు, ఏది ముందైతే అంతవరకు వైద్యం ఉచితం. ఆ ఖర్చు స్పాన్సర్‌ది, ఆరోగ్యశ్రీది కాదు.

పరిహారం లెక్క

ట్రయల్‌ వల్ల మరణం జరిగితే సూత్రం ఇది: 8 లక్షల రూపాయలను వయసు సంఖ్యతో, రిస్కు సంఖ్యతో గుణించి, 99.37తో భాగించాలి. వయసు సంఖ్య 30 ఏళ్లకు 207.98, 45 ఏళ్లకు 169.44, 65, ఆపైన 99.37. రిస్కు సంఖ్య ముదిరిన రోగంతో ఆరు నెలలకు మించి బతకరన్నవాళ్లకు 0.5, ఆరోగ్యవంతులకు 4. దాదాపు టీకా వాలంటీర్లంతా ఈ 4 కిందికే వస్తారు.

30 ఏళ్ల ఆరోగ్యవంతుడికి లెక్కిస్తే సుమారు 66.98 లక్షలు. 45 ఏళ్లకు 54.56 లక్షలు. 65కు 32 లక్షలు. శాశ్వత వైకల్యానికి మరణ పరిహారంలో 90 శాతాన్ని వైకల్య శాతంతో గుణిస్తారు. అదే 30 ఏళ్ల మనిషికి 40 శాతం వైకల్యమైతే దాదాపు 24.11 లక్షలు. నియంత్రణ సంస్థ ఆదేశం అందిన 30 రోజుల్లో స్పాన్సర్‌ చెల్లించాలి.

పూర్తిగా నయమైపోయిన సందర్భంలో లెక్క బాగా పడిపోతుంది. ఆసుపత్రిలో ఉన్న రోజులకు, రోజుకు రెండు కనీస కూలీల చొప్పున మాత్రమే ఇస్తారు. ఆరు రోజులుంటే పన్నెండు రోజుల కూలి. ఇంటికొచ్చాక నెలరోజులు పత్తి చేనుకు వెళ్లలేకపోతే ఆ నష్టం ఈ సూత్రంలో లేదు. ఈ లోటు గురించి చర్చ జరగాల్సినంత జరగడం లేదు.

పరిహారం టీకా వికటిస్తేనే కాదు. ట్రయల్‌ కోసం రక్తం తీసినచోట చీముపట్టినా, ప్రణాళిక తప్పి డోసు వేసినా, గర్భంలోని బిడ్డకు హాని జరిగినా వర్తిస్తుంది. ప్లాసిబో పడినవాడికి డెంగీ రావడం మాత్రం దానంతటదే పరిహారం కిందికి రాదు. వాడుకలో ఉన్న ప్రామాణిక రక్షణను నిరాకరించారా అన్నది అప్పుడు ప్రశ్న అవుతుంది.

అనుమతి ఎవరిది, ఎంత దూరం నుంచి

ప్రతి ట్రయల్‌కు రెండు అనుమతులుండాలి. ఒకటి ఢిల్లీలోని కేంద్ర నియంత్రణ సంస్థ నుంచి, రెండోది ఎథిక్స్‌ కమిటీ నుంచి. కమిటీలో కనీసం ఏడుగురు, వారిలో సగం మంది ఆ సంస్థతో సంబంధం లేనివాళ్లు ఉండాలి. న్యాయం తెలిసిన ఒకరు, వైద్యంతో పనిలేని సాధారణ పౌరుడు ఒకరు, కనీసం ఒక మహిళ తప్పనిసరి.

వరంగల్‌ పాఠకులు గుర్తుపెట్టుకోదగిన నిబంధన మరొకటుంది. ట్రయల్‌ జరిగే ఆసుపత్రికి సొంత కమిటీ లేకపోతే, అదే నగరంలోనిదో, 50 కిలోమీటర్ల లోపలిదో అయిన కమిటీ అనుమతి తీసుకోవాలి. హైదరాబాద్‌ మనకు 140 కిలోమీటర్ల దూరం. హన్మకొండలోని ఆసుపత్రిలో జరిగే ట్రయల్‌కు హైదరాబాద్‌ కమిటీ ముద్ర చెల్లదు. ఏదైనా జరిగితే కమిటీ సభ్యులు వచ్చి చూడగలిగే దూరంలో ఉండాలన్నది దీని వెనక ఆలోచన.

ఈ వివరాలన్నీ సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో ఉంటాయి. 2009 జూన్‌ 15 నుంచి ప్రతి ట్రయల్‌ మొదలుకాకముందే అందులో నమోదు కావాలి. కోవాగ్జిన్‌ మూడో దశ నంబరు సీటీఆర్‌ఐ/2020/11/028976. అంటే 2020 నవంబర్‌లో నమోదైంది. ఆ పేజీల్లో ఏ ఊర్లో ఏ ఆసుపత్రి, ఏ డాక్టరు, ఏ కమిటీ అనుమతి, ఎంతమంది, ఎవరిని చేర్చుకోరు అన్నవి ఉంటాయి. ఎవరైనా ఖర్చులేకుండా చూడొచ్చు. నంబరు చెప్పమంటే నీళ్లు నమిలే ఏజెంటు దగ్గర ఆ సంభాషణ అక్కడే ఆగిపోవడం మంచిది.

పైసలివ్వాలా, వద్దా

బీఈ స్టడీలో ఇచ్చినంత టీకా ట్రయల్‌లో ఇవ్వరు. దారి ఖర్చులు, పోయిన కూలి, ఇబ్బందికి కొంత, అదీ ఎథిక్స్‌ కమిటీ ఒప్పుకున్న మొత్తమే. ఐసీఎంఆర్‌ 2017 మార్గదర్శకాల ప్రకారం ఆ డబ్బు మనిషి మనసును మళ్లించేంత ఉండకూడదు. 2020 చివర్లో భోపాల్‌లో కోవాగ్జిన్‌ ట్రయల్‌కు వెళ్లిన గ్యాస్‌ పీడిత బస్తీల వాళ్లు, 750 రూపాయలిస్తామంటే వెళ్లామని, అది ట్రయల్‌ అని చెప్పలేదని ఆరోపించారు. ఆసుపత్రి ఆ ఆరోపణను తోసిపుచ్చింది. చాలామందికి 750 ఒకటి రెండు రోజుల కూలి. పస్తున్న ఇంటికి అది మనసు మళ్లించే మొత్తమే.

ఎదుటి వాదన కూడా బలమైనదే. డాక్టరుకు జీతముంది, కంపెనీకి లాభముంది, చేయి చాపినవాడికి మాత్రం సేవాభావం చాలంటే ఎలా? తక్కువ ఇస్తే రిస్కు తగ్గదు, పేదవాడికి దక్కేది తగ్గుతుంది అంతే. ఈ రెండింటి మధ్య ఆచరణలో నిలిచిన కట్టుబాటు ఒకటుంది: మధ్యలో మానుకున్నా అప్పటివరకు తిరిగిన విజిట్లకు రావాల్సింది ఇవ్వాలి. మొత్తం చివర్లోనే ఇస్తామంటే మానుకునే హక్కు కాగితానికే పరిమితమవుతుంది. కారణం చెప్పకుండా ఎప్పుడైనా మానుకునే హక్కు అందరికీ ఉంది. మానుకున్నాక కొత్త సమాచారం సేకరించకూడదు. అప్పటివరకు సేకరించింది లెక్కలో ఉంటుంది. ఒంట్లో పడిన టీకా వెనక్కి రాదు కాబట్టి, భద్రత కోసం చివరిసారి ఒకసారి రమ్మని అడుగుతారు.

గల్ఫ్‌ వీసా, జ్వరం టెస్టు

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్‌ వైపు యువకులకు రెండేళ్ల గమనింపు అంటే వేరే చిక్కు. ఏడాది తిరక్కుండానే దుబాయ్‌ వీసా వస్తే మిగతా విజిట్లు పోతాయి. అలా జారిపోయినవాళ్లు ఎక్కువైతే ట్రయల్‌ ఫలితమే బలహీనపడుతుంది. చేరేటప్పుడే వలస ఆలోచన చెబితే సెంటర్‌ చేర్చుకోకపోవచ్చు. అది ఇద్దరికీ మేలు.

టెస్టుల సంగతి ఇంకా సూక్ష్మం. టీకా ఒంట్లో యాంటీబాడీలను పుట్టిస్తుంది. అవి టీకా వల్ల పుట్టినవో, రోగం వల్ల పుట్టినవో యాంటీబాడీలను చూసే టెస్టు పట్టలేదు. డెంగీ టీకా వేసుకున్న మనిషికి తర్వాత మామూలు జ్వరం వచ్చి, ప్రైవేటు ల్యాబులో ర్యాపిడ్‌ కార్డు పెడితే యాంటీబాడీ గీతలు కనపడొచ్చు, డెంగీ అని చికిత్స మొదలుకావొచ్చు. కార్డులో ఎన్‌ఎస్‌1 అనే గీత వైరస్‌ ప్రోటీన్‌ను చూపేది. ఇక్కడ దానికే ఎక్కువ విలువ. ట్రయల్‌ సెంటర్‌ అయితే ఆర్‌టీపీసీఆర్‌తో తేలుస్తుంది. హెపటైటిస్‌ బి టీకా వేసుకున్న కొద్ది రోజుల పాటు, ఆ ఇన్‌ఫెక్షన్‌ను పట్టే టెస్టే తప్పుగా పాజిటివ్‌ చూపొచ్చు. బీసీజీ తరహా టీబీ టీకాలతో, టీబీ సోకిందా అని చర్మం మీద చూసే మాంటూ పరీక్ష తారుమారవుతుంది. విదేశీ ఉద్యోగానికి మెడికల్‌కు వెళ్లేవాళ్లకు ఇవి ఉత్త మాటలు కావు. సెంటర్‌ ఇచ్చే వాలంటీరు కార్డు మీద ట్రయల్‌ నంబరు, 24 గంటలు పలికే ఫోన్‌ నంబరు ఉంటాయి. ఏటూరునాగారంలో అర్ధరాత్రి జ్వరం ముదిరి దగ్గరి ఆసుపత్రికి పరుగెత్తినప్పుడు, ఆ కార్డు చూసిన డ్యూటీ డాక్టరు ఫోన్‌ చేస్తే పడింది టీకానో ప్లాసిబోనో తెలుసుకోవచ్చు. చికిత్సకు అవసరమైతే ఒక్కరి కోడు విప్పే ఏర్పాటు ప్రతి ట్రయల్‌లోనూ ఉంటుంది.